తడిసిన కార్పెట్ల కింద ముప్పై ఏళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ముందే ఒక మాట చెప్పేస్తాను. కారులోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టే పని మెకానిక్కుల్లో ఎవరూ ఇష్టపడి చేయరు. ఇంజన్ బాగుచేసినవాడికి పేరొస్తుంది. బ్రేకులు వేసినవాడికి దండం పెడతారు. నీళ్ళు కనిపెట్టేవాడు మాత్రం రోజంతా సీటు కింద తల దూర్చి, కుళ్ళిన కార్పెట్ వాసన చూసి, సాయంత్రం ఇంటికి పోతాడు, పెళ్ళాం గుమ్మంలోనే ఆపేస్తుంది. మా సుగుణ ముప్పై ఏళ్ళపాటు నన్ను బయటే బట్టలు మార్చుకుని రమ్మంది, మైనస్ ఇరవై డిగ్రీల చలిలో కూడా.

నా పేరు దేవసహాయం. నరసాపురం దగ్గర పుట్టాను. కెనడా వచ్చాక ఆరేళ్ళు ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు సార్నియాలో హెంక్ అనే డచ్చాయన గరాజ్‌లో పనిచేశాను. ఏ సర్టిఫికెట్ ఎప్పుడొచ్చిందో, జీతం ఎప్పుడు పెరిగిందో ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ కారు బాగుచేయలేరు. చేసిన తప్పులు రాస్తాను. వాటిలో అన్నిటికంటే పెద్దది హారిక అనే అమ్మాయి కారు విషయంలో చేశాను. ఇంకొక్క వాన పడి ఉంటే ఆ అమ్మాయి రెండేళ్ళ చదువు నా మూలంగా గంగలో కలిసేది. అక్కడికి వచ్చేముందు నాకు పని ఎలా అబ్బిందో చెప్పాలి.

వాన గది

ఫ్యాక్టరీలో తయారైన ప్రతి కారూ చివర్లో ఒక పొడుగాటి గదిలోంచి పోవాలి. గదిలో పైనుంచి, పక్కలనుంచి, కిందనుంచి నీళ్ళు కొడతారు. ఎవడో ఒకడు టార్చిలైటు పట్టుకుని కారులో కూర్చుని ఎక్కడ తడి కనిపిస్తుందో రాసుకోవాలి. ఆ ఎవడో ఒకణ్ణి నేనే. నరసాపురంలో తుఫానులు చూసి వచ్చినవాణ్ణి కదా, ఇదేం లెక్క అనుకున్నాను. మొదటిరోజే వెనక కిటికీ ఎత్తడం మరిచిపోయి లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి ఫోర్‌మన్ నా వంక చూసి, కారు పాస్ అయింది గానీ నువ్వు ఫెయిల్ అయ్యావని రాసుకున్నాడు.

ఆ ఆరేళ్ళలో నాకు అన్నీ తెలుసన్న భ్రమ వచ్చింది. కొత్త కారులో నీళ్ళు కనిపెట్టడం చాలా తేలిక. ఎవరో ఒక బిరడా పెట్టడం మరిచిపోయి ఉంటారు, అది పెడితే సరి. పాత కారు అలా కాదు. దానిమీద అప్పటికే నలుగురు పనిచేసి ఉంటారు, నలుగురూ తలా ఒక అబద్ధం అందులో వదిలి ఉంటారు. ఆ సంగతి సార్నియా వచ్చాకే తెలిసింది.

హెంక్

హెంక్ ఆరడుగుల మూడంగుళాల మనిషి. నవ్వడు. పొద్దున పోసుకున్న కాఫీ మధ్యాహ్నం చల్లగా తాగుతాడు. నా పేరు రెండుసార్లు పలకడానికి ప్రయత్నించి, మూడోసారి నన్ను డేవ్ చేసేశాడు. మొదటివారం ఒక పాత కారు ఇచ్చి, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడమన్నాడు. నేను నీళ్ళ గొట్టం, అదే హోస్, తీసుకుని నేరుగా పైకప్పు మీద కొట్టాను. లోపల తడి కనిపించింది. పైకప్పు కారుతోందని ధీమాగా చెప్పాను.

"పైకప్పు మీద పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి డేవ్?" అని అడిగాడు.

"కిందకి."

"అంటే కారు మొత్తం తడిపావు. ఇప్పుడు ఎక్కడ కారుతోందో దేవుడికి తెలుసు. నీకు తెలీదు."

హోస్ ఎప్పుడూ కిందనుంచి మొదలుపెట్టాలి. ముందు తలుపు కింద అంచు. అక్కడ లోపలికి రాకపోతే ఒక జానెడు పైకి. అక్కడా రాకపోతే ఇంకో జానెడు. ఓపికగా పోతే నీళ్ళు ఏ ఎత్తులో లోపలికి వస్తున్నాయో అవే చెబుతాయి. రెండో సూత్రం సిలికాన్ గురించి. సందులు మూసే ఆ జిగురు ట్యూబుని హెంక్ బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. కారణం తెలిసేదాకా తాళంచెవి ఇచ్చేవాడు కాదు. చూసిన ప్రతి సందులోనూ సిలికాన్ పూసేవాడు మెకానిక్ కాదు, కేకు చేసేవాడు అని ఆయన అభిప్రాయం. అప్పట్లో నాకు చాలా కోపంగా ఉండేది. ఇప్పుడు నా దగ్గర ఎవరైనా పని నేర్చుకుంటే నేనూ తాళం వేస్తాను.

డాక్టరు గారి తలుపులు

ఒక వేసవిలో హెంక్ చేపలు పట్టడానికి వెళ్తూ తాళంచెవి నా చేతికిచ్చాడు. సరిగ్గా ఆ వారమే మన తెలుగు డాక్టరు గారొకరు కారు తెచ్చారు. రిటైరైన పెద్దమనిషి, అందరినీ గారు అని పిలిచే మర్యాదస్తుడు. వెనక సీటు ముందు చెమ్మగా ఉందన్నారు. తలుపులు తీసి చూస్తే అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలు కనిపించాయి. ఓహో, ఇక్కడినుంచే రోడ్డుమీద నీళ్ళు ఎగజిమ్మి లోపలికి వస్తున్నాయని తేల్చేసి, నాలుగు తలుపులకీ రంధ్రాలన్నీ సిలికాన్‌తో శుభ్రంగా మూసేశాను. పనితనం చూసుకుని మురిసిపోయాను కూడా.

రెండు వారాల తర్వాత డాక్టరు గారు మళ్ళీ వచ్చారు. కారు మలుపు తిరిగినప్పుడల్లా గుడగుడమని చప్పుడు వస్తోందట. నేను తలుపు తీయబోతే ఆగమన్నారు. కోటు చేతులు పైకి మడిచి, తలుపుకి చెవి ఆనించి, రెండు వేళ్ళతో పైనుంచి కిందదాకా తట్టుకుంటూ వచ్చారు. సగం దగ్గర ఆగారు.

"దేవసహాయం గారూ, ఇక్కడిదాకా గాలి. ఇక్కడినుంచి నీరు. నలభై ఏళ్ళ ప్రాక్టీసులో ఇంత స్పష్టమైన జలోదరం చూళ్ళేదండీ."

తర్వాత స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, ఆ సిలికాన్ ఆయనే పొడిచారు. నీళ్ళన్నీ ఆయన బూట్లమీద పడ్డాయి. అయినా ఆయన మొహంలో ఎంత ఆనందం! రిటైరయ్యాక చేసిన మొదటి ఆపరేషన్ అని ఆ తర్వాత పదేళ్ళు ప్రతి ఉగాది పార్టీలో చెప్పారు. నేను అక్కడే ప్లేటు పట్టుకుని నిలబడి వినేవాణ్ణి.

ఆ తలుపుల్లో రంధ్రాలు ఫ్యాక్టరీవాళ్ళు కావాలనే పెట్టినవి. అద్దం సందులోంచి తలుపులోకి నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఏ కారూ నీళ్ళని పూర్తిగా ఆపలేదు. వచ్చిన నీళ్ళు బయటికి పోవడానికి ఎక్కడికక్కడ దారి పెడతారు. మనం వెతకాల్సింది నీళ్ళు వచ్చే చోటు మాత్రమే కాదు, పోవాల్సిన దారి ఎక్కడ మూసుకుపోయిందో అది కూడా. ఇది నాకు డాక్టరు గారి బూట్లు నేర్పిన పాఠం. అయినా ఇంకోసారి మరిచిపోయాను.

డాక్టరు గారు నామీద కోపం పెట్టుకోకుండా వాళ్ళమ్మాయి పెళ్ళికి పిలిచారు. మేం చర్చికి పోయేవాళ్ళం. పెళ్ళిలో నా చేతిలో అక్షింతలు పోశారు. వేస్తే మా పాస్టర్ గారు ఏమంటారో, వేయకపోతే డాక్టరు గారు ఏమనుకుంటారో తేలక, అందరూ చేతులు ఎత్తినప్పుడు నేనూ ఎత్తి, మెల్లగా కోటు జేబులోకి జారవిడిచాను. హిందూ స్నేహితుల పెళ్ళిళ్ళన్నిటిలోనూ నా పద్ధతి అదే. సూటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేముందు సుగుణ ఆ జేబు దులిపి, "ఈసారి పావుకిలో" అనేది.

పిల్లలు వచ్చిన ఏళ్ళు

నా ఉద్యోగం చివరికి వచ్చేసరికి సార్నియా కాలేజీకి మన పిల్లలు వెల్లువలా వచ్చారు. ఊళ్ళో బస్సులు తక్కువ. కెమికల్ ప్లాంట్లు ఊరవతల, ఇళ్ళు ఊరికి ఈ చివర. దిగిన నెలలోపే నలుగురు కలిసి ఒక ముసలి కారు కొనేవాళ్ళు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా నంబరు "నీళ్ళ అంకుల్" అనే పేరుతో తిరిగేదట. అపార్ట్‌మెంట్‌లో కుళాయి చెడిపోయినా నాకే ఫోన్ చేసేవాళ్ళు.

ఒకసారి ముగ్గురు కుర్రాళ్ళు కారు తెచ్చి, డిక్కీలో ఏదో వాసన వస్తోందన్నారు. స్టెప్నీ టైరు ఉండే గుంట తెరిచి చూస్తే పెసలు మొలకెత్తి నిగనిగలాడుతున్నాయి. సరుకులు తెచ్చినప్పుడు పెసల ప్యాకెట్ చిరిగిందట. వెనక లైటు రబ్బరు పగిలి గుంటలోకి నీళ్ళు చేరాయి. మొలకలు బెత్తెడున్నాయి. వాటిని చూసి, "బాబూ, ఈ లైటు వారం నుంచి కారుతోంది" అన్నాను. ముగ్గురూ నన్ను సిద్ధాంతిని చూసినట్టు చూశారు. వాళ్ళలో ఒకడు ఆ మొలకలు తినొచ్చా అని అడిగాడు. వద్దన్నాను, గానీ వాడు కవర్లో వేసుకుని వెళ్ళాడు.

మా చర్చిలో కొందరు పాతకాపులు ఈ పిల్లలని చూసి మొహం చిట్లించేవాళ్ళు. ఎక్కడ చూసినా వీళ్ళే, క్రమశిక్షణ లేదు అని. నాకు ఒళ్ళు మండేది. పొద్దున ప్లాంటులో, మధ్యాహ్నం క్లాసులో, సాయంత్రం కాఫీ కొట్టులో నిలబడే పిల్లలు వాళ్ళు. తడి సాక్సులతో ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన పిల్లవాడి కాళ్ళు చూశాను నేను. మనం వచ్చిన రోజుల్లో మనకి దారి చూపినవాళ్ళు ఉన్నారు, వీళ్ళకి మనం తప్ప ఎవరున్నారు?

హారిక కారు

హారికది ఖమ్మం. కాలేజీలో కెమికల్ ల్యాబ్ కోర్సు చివరి టర్ములో ఉంది. ప్లాంటులో ఎనిమిది వారాల ప్లేస్‌మెంట్, అంటే పని శిక్షణ, దొరికింది. అది పూర్తయితేనే కోర్సు పూర్తవుతుంది. పని ఏమిటంటే మూడు చోట్ల తిరిగి శాంపిల్ సీసాలు ల్యాబ్‌కి తేవాలి. సొంత కారు ఉండాలన్నది షరతు. ఎవరో దింపితే కుదరదు. నా కారు ఇద్దామన్నా ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. అందుకని పద్నాలుగేళ్ళ కారొకటి కొంది. పైకప్పులో తెరుచుకునే అద్దం, అదే సన్‌రూఫ్, కూడా ఉన్న కారు.

"అంకుల్, వాన పడితే చాలు, పక్క సీటు కింద చెరువైతున్నది. తెల్లారి స్టార్ట్ అయితలేదు. ఇప్పటికే ఒకరోజు పోలేకపోయిన" అంది.

ఆ కారులో ఫ్యూజు పెట్టె పక్క సీటులో కూర్చున్నవాళ్ళ పాదాల దగ్గర ఉంటుంది. అది తడిస్తే కారు కదలదు. కనుక మొదట నీళ్ళు కనిపెట్టాలి. నేను హడావిడిలో ఉన్నాను. ఆరోజు ఇంకో మూడు కార్లు వరసలో ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం కదా, హోస్ తీసుకుని ముందు అద్దం పైమూల మీద కొట్టాను. లోపల తడి వచ్చింది. అద్దం జిగురు ఊడిందన్నాను. హెంక్ అవతల చల్లారిన కాఫీ తాగుతూ నా వంక చూశాడు. అప్పటికి ఆయన నాకు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

సన్‌రూఫ్ సంగతి అడగకపోలేదు. సన్‌రూఫ్ చుట్టూ ఒక సన్నటి కాలువ ఉంటుంది. అందులో చేరిన నీళ్ళు నాలుగు మూలల్లో ఉన్న గొట్టాల గుండా కిందికి దిగి, కారు బయట పడతాయి.

"సన్‌రూఫ్ తెరుస్తుంటావా అమ్మా?"

"లేదంకుల్, అస్సలు తెరవను" అంది. అంటూ నా వెనక గోడవైపు చూసింది.

నా బల్ల పైన గోడకి బైబిలు వాక్యాల తెలుగు క్యాలెండరు వేలాడుతుండేది. దాన్ని చూసిందని గమనించాను. ఆమె కారు డాష్‌బోర్డు మీద గుండ్రటి జిగురు మచ్చ ఉండటం, అక్కడ ఉన్నదేదో ఈమధ్యే పీకేసినట్టు తెలియడం కూడా గమనించాను. బోనెట్ అంచున సందులో కాస్త పసుపు కూడా కనిపించింది. నేను ఏమీ అడగలేదు. అడిగితే, ఈయన చర్చి మనిషి, మన పూజల గురించి ఎందుకు తవ్వుతున్నాడని ఆ పిల్ల అనుకుంటుందేమోనని ఊరుకున్నాను. సన్‌రూఫ్ కాలువలో ఒక గ్లాసుడు నీళ్ళు పోశాను. పోయాయి. ఎక్కడికి పోయాయో వంగి చూడలేదు.

అద్దం మూల విప్పి కొత్త జిగురు వేసి, రెండు నిమిషాలు హోస్ కొట్టి, పొడిగా ఉందని చూపించి పంపేశాను. వారం తిరక్కుండా వాన పడింది. కారు మొరాయించింది. ప్లాంటులో ఆమె సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పిందట, మూడోసారి ఇలా అయితే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదని. శుక్రవారం కారుకి తాళ్ళు కట్టి లాగించుకుని వచ్చింది హారిక. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "సోమవారం పొద్దున ఏడింటికి నేను అక్కడుండాలె అంకుల్" అని మాత్రం అంది. ఆదివారం, సోమవారం రెండురోజులూ వాన అని రేడియో చెబుతోంది.

శనివారం మొత్తం ఆ కారుతోనే గడిపాను. ఈసారి బుద్ధిగా కిందనుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి వెళ్ళాను. తలుపులు పొడి. ముందు అద్దం కింది గాడి పొడి. అద్దం పొడి. పైకప్పు అంచుకి చేరేసరికి చీకటి పడింది, హెంక్ తాళాలు వేసేశాడు. నాకు సిగ్గేసింది. అద్దం జోలికి నేను అనవసరంగా వెళ్ళానని తేలిపోయింది.

సూటులో ఆదివారం

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు జలప్రళయాన్ని తట్టుకున్న నోవహు ఓడ గురించి చెప్పారు. బయట వాన. ఆ ఓడకి లోపలా బయటా కీలు, అంటే తారులాంటిది, పూశారని చదివినప్పుడు, నీళ్ళు పోయే దారి ఎక్కడ పెట్టారబ్బా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆమెన్ అనగానే లేచాను. సుగుణ, "నేనూ వస్తా, లేకపోతే నువ్వు భోంచెయ్యవు" అని డబ్బాతో సహా కారెక్కింది. హారికని గరాజ్‌కి రమ్మని ఫోన్ చేశాను. గరాజ్ వెనకే ఉండే హెంక్ మా చప్పుడు విని తనూ వచ్చాడు.

నేను సూటు మీదే కారు కింద దూరబోతుంటే, సుగుణ పులిహోర డబ్బా మూత తీస్తూ హారికని మామూలుగా అడిగింది, "ఏవమ్మా, కారు కొన్నాక పూజ చేయించావా? మీవాళ్ళు చేయిస్తారుగా?"

ఇన్ని రోజులుగా నేను నోట్లో దాచుకున్న ప్రశ్న అది. హారిక నా వంక చూసింది, క్యాలెండరు వంక చూసింది.

"అంటే... ఆంటీ... చేసినం. ఇక్కడ గుడి దూరం కదా, ఇంటి ముందే."

"మరి వినాయకుడో ఎవరో ఉండాలిగా? జిగురు మచ్చే ఉందిక్కడ."

"అంకుల్ చర్చికి పోతరు కదా ఆంటీ. కారు తెచ్చే ముందు తీసి బ్యాగులో పెట్టిన. కుంకుమ బొట్లు కూడా తుడిచిన. అంకుల్‌కి ఎట్లనో అనిపిస్తదని."

ఆ పిల్ల నా మర్యాద కోసం దాచింది, నేను ఆ పిల్ల మర్యాద కోసం అడగలేదు. మధ్యలో కారు మునిగింది.

"వీడియో ఏమైనా తీశారా?" అన్నాను.

తీశారు. హారిక ఫోన్ ఇచ్చింది. ఎండగా ఉన్న రోజు. సన్‌రూఫ్ బార్లా తెరిచి ఉంది. అందులోంచి పట్టుచీరలో హారిక నడుందాకా పైకి లేచి చేతులు జోడించి నిలబడి ఉంది. చుట్టూ రూమ్మేట్లు పిడికిళ్ళతో అక్షింతలు విసురుతున్నారు. ఒకమ్మాయి పట్టుకున్న ఇంకో ఫోన్లోంచి ఖమ్మంలో ఉన్న వాళ్ళ నాన్న గొంతు, "ఆ పక్క తక్కువ పడ్డయి, ఇంకా వెయ్యండమ్మా, గట్టిగ వెయ్యండి!" అని వినిపిస్తోంది.

"ఇంత బియ్యమా! పెళ్ళికూతురి మీద కూడా ఇన్ని వెయ్యరు" అంది సుగుణ.

"సన్‌రూఫ్ తెరవనన్నావు కదమ్మా?"

"ఆ ఒక్కరోజే అంకుల్. అది చెబితే పూజ సంగతి చెప్పాల్సొస్తదని..." అని తల దించుకుంది.

పక్క సీటు ముందు, పాదాల పక్కన ఉన్న ప్లాస్టిక్ పలక ఊడదీశాను. దాని వెనకనుంచి సన్‌రూఫ్ గొట్టం దిగుతుంది. దాని కొస లాగి, గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగ లోపలికి తోశాను. రెండు జానల పైన మెత్తగా తగిలింది. ఇంకాస్త తోసేసరికి పసుపుపచ్చటి ముద్ద ఒకటి బుళుక్కున నా చేతిమీద, టై మీద, తెల్లచొక్కా మీద పడింది. దాని వెనకాలే వాన నీళ్ళు. నెయ్యి, పసుపు కలిపిన బియ్యం నీళ్ళకి ఉబ్బి, చలికి గడ్డకట్టి, గొట్టాన్ని నేను డాక్టరు గారి తలుపులు మూసినదానికంటే చక్కగా మూసింది. కాలువ పొంగి, నీళ్ళు అద్దం పక్క స్తంభం లోపలినుంచి జారి ఫ్యూజు పెట్టె మీద పడుతున్నాయి. నేను పోసిన గ్లాసుడు నీళ్ళు కూడా ఆ గొట్టంలోనే కూర్చుని ఉంటాయి.

హెంక్ వంగి చూసి ఒక్క గెంతు వెనక్కి వేశాడు. "డేవ్, కదలకు! పురుగులు! లార్వాలు!"

ఇరవై రెండేళ్ళలో ఆయన గెంతడం అదే మొదటిసారి చూశాను. పురుగులు కావని ఎంత చెప్పినా నమ్మడు. ఏం చేయాలో తోచక సూటు జేబులో చెయ్యి పెట్టాను. ఎవరి పెళ్ళివో నాలుగు అక్షింతలు అడుగున తగిలాయి. తీసి అరచేతిలో పెట్టి, రెండో చేతిలో ముద్ద పక్కన చూపించాను. అటు ఎండువి, ఇటు నానినవి. హెంక్ కళ్ళజోడు పెట్టుకుని రెండూ పోల్చి చూశాడు.

"నువ్వు ఇవి జేబులో ఎందుకు పెట్టుకుని తిరుగుతున్నావు?" అన్నాడు.

సుగుణ నవ్వు ఆపుకోలేక డబ్బా కింద పెట్టేసింది. హారిక మొదట నా టై చూసి భయపడింది, తర్వాత తనూ నవ్వింది.

మిగతా గొట్టాలు మూడూ కూడా తీగతో శుభ్రం చేశాను. కాలువలో మళ్ళీ గ్లాసుడు నీళ్ళు పోశాను. ఈసారి హారికని తలుపు బందు దగ్గర, గొట్టం బయటికి తెరుచుకునే చోట, కూర్చోబెట్టి చూడమన్నాను. "వస్తున్నయి అంకుల్, బయటికి వస్తున్నయి!" అని అరిచింది. ఫ్యూజు పెట్టె విప్పి, పచ్చగా పట్టిన చిలుము గీకి, హెంక్ తెచ్చిన హీటరు ముందు ఆరబెట్టాం. తాళంచెవి తిప్పితే మొదటిసారి టక్కుమంది, అంతే. ఇంకోసారి తుడిచి బిగించి తిప్పాను. స్టార్ట్ అయింది.

తర్వాత హారికని టార్చితో లోపల కూర్చోబెట్టి, నేను సూటులో హోస్ పట్టుకుని, కిందనుంచి పైకి అరగంట తడిపాను. వాన కూడా తన సాయం తను చేసింది. అరగంట తర్వాత కిటికీలోంచి బొటనవేలు చూపించింది. వెళ్ళేముందు చెప్పాను, "ఆ వినాయకుణ్ణి తీసుకెళ్ళి ఆయన చోట పెట్టుకో అమ్మా. ఆయన్ని బ్యాగులో దాస్తే నాకు జబ్బు అంతుపట్టడం లేదు."

సోమవారం పొద్దున కుండపోత. ఆరున్నర నుంచి వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. కాఫీ చల్లారిపోతే అలాగే తాగాను. ఆరూ యాభైకి ఫోన్ మోగింది. ఒక ఫొటో వచ్చింది. సేఫ్టీ బూట్లు తొడుక్కున్న రెండు కాళ్ళు, వాటి కింద పొడి కార్పెట్. నేను వంటింట్లోనే కూర్చుని ఏడ్చాను. సుగుణ కాఫీ మళ్ళీ వేడిచేసింది.

ఇప్పుడు అడిగే ప్రశ్న

మీరు ఈ పని చేయబోతే హోస్ కిందనుంచి పట్టండి, సిలికాన్ మీద తాళం వేయండి, పోసిన నీళ్ళు ఎక్కడ బయటపడుతున్నాయో వంగి కళ్ళతో చూడండి. ఇంకొకటి, నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నది. ఎప్పటినుంచి కారుతోందని మాత్రమే కాదు, కొన్నరోజు ఈ కారుకి ఏం చేశారని అడగండి. మొహమాటపడకండి. నొచ్చుకుంటారేమోనని మీరు ఊరుకుంటారు, మీరు నొచ్చుకుంటారేమోనని వాళ్ళు దాస్తారు.

హారిక కోర్సు పూర్తయింది. ఆ ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది. నేను రిటైరయిన ఏడాది ఫోన్ చేసి, వేరే కారు కొన్నానని, పూజకి ఆంటీని తీసుకుని తప్పకుండా రావాలని చెప్పింది. వెళ్ళి చూసేసరికి ఆ కారుకి పైకప్పు మొత్తం గాజే. నాకు చెమట పట్టింది. గాజుకప్పు మూసి ఉందో లేదో రెండుసార్లు చూశాను. కారుమీద ముందునుంచి వెనకదాకా పాత దుప్పటి పరిచాను, ముందు అద్దం కింది గాడి మీద టేపు వేశాను. ఖమ్మం నుంచి వాళ్ళ నాన్న ఫోన్లో, "ఆ దుప్పటి ఎందుకమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ముందు మీరు ప్రార్థన చేయండి అంకుల్" అంది హారిక. చేశాను. తర్వాత తను తెచ్చిన పళ్ళెంలోంచి నా చేతిలో అక్షింతలు పోసింది. నా చెయ్యి అలవాటుగా జేబు వైపు పోయింది. సుగుణ నన్నే చూస్తోంది. హారిక నా ముందు తల వంచి నిలబడింది. చెయ్యి వెనక్కి తీసుకుని, అవన్నీ ఆ పిల్ల తలమీద వేశాను. కారుమీద మాత్రం ఒక్క గింజ పడనివ్వలేదు.